ఇప్పుడే అమ్మయ్య అనొద్దు

గుడియాత్తం నుంచి ఫోన్ వచ్చేసరికి నేను వేలూరులో మా లాడ్జి కౌంటర్లో కూర్చుని, కలకత్తా నుంచి వైద్యానికి వచ్చిన ఒక కుటుంబానికి వేడినీళ్ళు ఎప్పుడొస్తాయో సైగలతో చెబుతున్నాను. ఫోన్ చేసింది టీచరమ్మ తమ్ముడు. "అక్క పోయిందమ్మా. నిద్రలోనే పోయింది. పొద్దున కాఫీకి లేపితే లేయలా" అన్నాడు.

నిజం చెబుతున్నాను, ఏడుపు కంటే ముందు నాకు భయం వచ్చింది. తల తిప్పి మా ఆయన కోసం చూశాను. కౌంటరు పక్కనున్న సముద్రపు చేపల తొట్టికి అద్దం తుడుస్తున్నాడు. ఈ కబురు ఎలా చెప్పాలి, విన్నాక మళ్ళీ వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంటే నేనేం చేయాలి, ఇదే నా బుర్రలో తిరుగుతోంది. పోయిన మనిషిని వదిలేసి ఉన్న మనిషి గురించి ఆలోచించినందుకు టీచరమ్మ నన్ను తప్పుపట్టదు. ఆమె కూడా అంతే. చచ్చిన చేపను చేతిలో పెట్టుకుని కూర్చుంటే, "మిగిలినోళ్ళు ఊపిరి తీస్తాండారా, అది చూడు ముందు" అనే రకం.

ఆమె పేరు రాయను. ఉన్నప్పుడే పేరు పెట్టి పిలిస్తే నచ్చేది కాదు. గుడియాత్తంలో ఆడపిల్లల స్కూల్లో జంతుశాస్త్రం చెప్పి రిటైరయింది. తండ్రి అక్కడి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మేస్త్రీ. ఆ తండ్రి కట్టిన ఇంట్లోనే వెనక గదినిండా తొట్లు పెట్టుకుని సముద్రపు చేపలు పెంచేది. మెడలో చిన్న సిలువ, చేతిలో పసుప్పచ్చ గుడ్డసంచి, కిక్కిరిసిన క్లాసులో వెనక బెంచీకి కూడా వినిపించే గొంతు. ఆ గొంతును ఇంట్లోకి వచ్చినప్పుడు తగ్గించుకోవాలని ఆమెకెవరూ చెప్పినట్టు లేదు. పెళ్ళెందుకు చేసుకోలేదని మా అత్త అడిగితే, "తీరిక దొరకలేదక్కా" అంది.

ఆమె మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు మా ఆయన సంగతి చెప్పాలి. ఆయన తోలు ఫ్యాక్టరీలో సూపర్వైజరు. ఫ్యాక్టరీ మూతపడ్డాక మంచం ఎక్కాడు. జ్వరం లేదు, నొప్పి లేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు, అంతే. వేలూరులో డాక్టర్లకు కొదవా? చూపించాం, మాత్రలు మింగాడు, కొంచెం కుదుటపడ్డాడు. అయినా ఇంట్లోనే ఉన్న లాడ్జి పని నేను చూసుకునేదాన్ని, మంచం ఆయన చూసుకునేవాడు. అలాంటి మనిషి ఒకసారి మద్రాసులో చుట్టాలింటికి పోయి, అక్కడ ఉప్పునీటి చేపల తొట్టి చూసి, తిరుగు బస్సులో దారిపొడవునా మాట్లాడుతూనే ఉన్నాడు. మా ఊళ్ళో తాగే నీళ్ళకే లారీ కోసం ఎదురుచూడాలి. ఈయన ఇంట్లో సముద్రం పెడతానన్నాడు. సరేనన్నాను. సముద్రమేమిటి, ఏనుగును తెచ్చి కట్టేస్తానన్నా సరేననేదాన్ని. మనిషి లేచి కూర్చున్నాడు కదా.

తొట్టి వచ్చింది. రాళ్ళు, రొయ్యలు, నత్తలు, నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న జంట చేపలు వచ్చాయి. లాడ్జిలో దిగినవాళ్ళు ఆస్పత్రి నుంచి అలిసిపోయి వచ్చి దాని ముందు కూర్చునేవారు. కలకత్తా వాళ్ళయితే ఆ జంటను పులుసు పెడతామా వేపుడు చేస్తామా అని నన్ను ఆటపట్టించేవారు. తర్వాత మా ఆయన ఒక నీలం చేపను తెచ్చాడు. తెచ్చిన చేపను తెచ్చినట్టే తొట్టిలో వదిలాడు. కొన్నాళ్ళకు దాని ఒంటిమీద ఎవరో ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు. అది వెళ్ళి రాయికి ఒళ్ళు రుద్దుకుంటోంది. తర్వాత ఆ జంటకూ చుక్కలు వచ్చాయి.

మా అత్త కళ్ళద్దాలు సవరించుకుని చూసింది. చెంపలేసుకుంది. "అమ్మ పోసిండాదే! ఎవురూ గట్టిగా మాట్లాడొద్దండి" అంది.

అమ్మవారు పోసిన ఇంట్లో ఏమేం చేస్తారో అవన్నీ మొదలయ్యాయి. గుమ్మానికి వేపరెమ్మ. పొయ్యిమీద తాళింపు బంద్. ఒక చేపకు చుక్కలొచ్చినందుకు ఇంటిల్లిపాదీ తాళింపు లేని చప్పిడి పప్పు తిన్నాం. అక్కడితో ఆగితే బాగుండేది. మా ఆయన స్నానానికి వెళ్ళిన సమయం చూసి ఆవిడ చెంబెడు పసుపునీళ్ళు, గుప్పెడు వేపాకు తొట్టిలో వేసేసింది. సముద్రం పచ్చగా మారింది. నీళ్ళలో నురుగు తీసే మిషను పొంగి పొంగి నేలంతా పారింది. మా ఆయన తువ్వాలు కట్టుకుని పరిగెత్తుకొచ్చి అరవబోయి, తల్లి మొహం చూసి నోరు మూసుకున్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుని దండం పెడుతోంది. తన కొడుకును మంచం మీది నుంచి లేపిన చేపలవి. అవి బతకాలని ఆవిడకు మాకంటే ఎక్కువ ఆత్రం.

మా ఆయన నీళ్ళు మార్చి, ఫోన్లో చేపలు పెంచేవాళ్ళ గ్రూపులో అడిగితే ఎవరో టీచరమ్మ నంబరు ఇచ్చారు. ఆమె వస్తానంది. కానీ ఆమె వచ్చేలోపలే వింత జరిగింది. చుక్కలు పోయాయి! మూడు చేపల ఒళ్ళూ అద్దంలా ఉన్నాయి. మా అత్త మొహంలో వెలుగు చూడాలి. "అమ్మ చల్లబడిండాది. నేను చెప్పలేదా?" అని తాళింపు గరిటె కిందికి దించింది.

టీచరమ్మ సరిగ్గా ఆ రోజే దిగింది. చెప్పులు బయట విడిచి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని లోపలికి వచ్చింది. మా ఆయన ఆత్రంగా తొట్టి దగ్గరికి పిలిస్తే, "ఉండప్పా, కూసోనీ" అని ఒక కుర్చీ లాక్కుని తొట్టికి వీపు పెట్టి కూర్చుంది. సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మురుకులు నమలడం మొదలుపెట్టింది. ఎండల గురించి మాట్లాడింది, బస్సు కండక్టరుతో పడ్డ తగాదా గురించి మాట్లాడింది. ఈవిడ చేపల్ని చూడ్డానికి వచ్చిందా, మురుకులు తినడానికి వచ్చిందా అని నాకు ఒళ్ళు మండింది. ఉన్నట్టుండి కుర్చీతో సహా గిరుక్కున వెనక్కి తిరిగింది. రెప్ప వేయకుండా చూసింది.

"మనిషి దగ్గరికి పోతే చేప నటిస్తాదమ్మా. నేను బాగుండానని చూపిస్తాది. మనల్ని మరిచిపోయినాక చూడాల" అంది నాతో. "ఊపిరి యెట్ల ఎగబీలుస్తాండాదో చూడు."

"చుక్కలు పోయినాయి కదండీ, అమ్మయ్య అనుకున్నాం" అన్నాను.

"ఇప్పుడే అమ్మయ్య అనొద్దు. ఇప్పుడే భయపడాల" అంది.

అప్పుడు విడమరిచి చెప్పింది. ఆ చుక్కలు చేప చర్మం కింద దూరి తినే పురుగులు. కడుపు నిండాక అవే రాలిపోతాయి. అడుగున ఇసుకకో రాయికో అంటుకుని ఒక్కొక్కటీ వందలవుతాయి. తర్వాత పగిలి, చేపను వెతుక్కుంటూ పైకి వస్తాయి. "చుట్టం భోంచేసి లేచిపోయినాడని మీరు సంబరపడతాండారు. వాడు పోయింది పిల్లాజెల్లాను పిల్చుకోని రావడానికి" అని మురుకు కొరికింది.

మా అత్తకు ఈ మాట నచ్చలేదు. అమ్మవారి మహిమను పట్టుకుని పురుగంటుందా అని మొహం ముడుచుకుంది. మా ఆయనకూ నమ్మబుద్ధి కాలేదు. చేపల్ని తీసి వేరే తొట్టిలో పెట్టాలని ఆమె చెబితే, బాగున్నవాటిని ఎందుకు కదిలించడం అన్నాడు. ఆమె వాదించలేదు. "సరి, అవసరమైతే ఫోన్ చేయప్పా" అని సంచి భుజాన వేసుకుని బస్టాండుకు వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు, ఆమె చెప్పినట్టే చుట్టం పిల్లాజెల్లాతో వచ్చాడు. ఈసారి నీలం చేప మీద చుక్కలు లేని చోటు లేదు. మా ఆయన ఫోన్ చేశాడు. ఆమె వచ్చింది, నేను చెప్పలేదా అనే మాట ఒక్కటి కూడా అనలేదు. మేడమీద గదిలో పెద్ద ప్లాస్టిక్ తొట్టి పెట్టించింది. అందులో రాయి లేదు, ఇసుక లేదు, చేపలు దాక్కోవడానికి ప్లంబరు వాడే పైపు ముక్కలు మాత్రమే. మందు రాగితో చేసింది, మైలతుత్తం జాతిది. "అది విషం కదా టీచరమ్మా!" అని మా అత్త గుండె బాదుకుంది. "విషమేనక్కా. అందుకే కొలత. ఎక్కువైతే చేప పోతాది, తక్కువైతే చుట్టం పోడు" అంది. రొయ్యలూ నత్తలూ ఈ మందుకు తట్టుకోలేవట, అందుకని అవి కిందే ఉండాలి. కింద పెద్ద తొట్టి మాత్రం చేప అన్నది లేకుండా ఖాళీగా ఉండాలి. ఇంట్లో వండిపెట్టేవాళ్ళు లేకపోతే చుట్టాలు ఎన్నాళ్ళని కాచుకుంటారు, ఆకలికి చస్తారు. ఇదీ ఆమె వైద్యం.

"ఎన్నాళ్ళు? మండలమా?" అంది మా అత్త, మొక్కు లెక్కలో.

"మండలం చాలదక్కా. దానిపైన ఇంకో నెల."

ఆ ఖాళీ తొట్టిని కాపాడ్డం చేపల్ని కాపాడ్డం కంటే కష్టమైంది. లాడ్జి అంటే సత్రం లాంటిదే, ఎవరి చెయ్యి ఎక్కడ పెడతారో తెలియదు. కొడుకును ఆస్పత్రిలో చేర్చిన ఒక కలకత్తా ముసలమ్మ తొట్టిలోకి బిస్కెట్ ముక్కలు వేసేది. ఇంకొకాయన ఖాళీ తొట్టిని చూసి జాలిపడి, బజారుకు పోయి ప్లాస్టిక్ సంచిలో రెండు మంచినీటి ఎర్రచేపలు తెచ్చాడు. నేను అడ్డం పడి సంచి లాక్కోకపోతే పాపం అవి ఉప్పునీళ్ళలో పడి చచ్చేవి. టీచరమ్మ అట్టముక్క మీద 'ముట్టుకోవద్దు' అని తెలుగు మాటను అరవ అక్షరాల్లో రాసి అంటించింది. తెలుగు రాయడం ఆమెకు రాదు, మా ఇంట్లో చిత్తూరులో చదివిన నాకు తప్ప ఎవరికీ రాదు. కలకత్తా వాళ్ళకు ఆ అట్ట చదవడం రాదు, చదవగలిగినవాళ్ళు ఆగలేదు.

మళ్ళీ వచ్చినప్పుడు ఆమె అట్ట పీకేసింది. నేరుగా మా అత్త దగ్గరికి వెళ్ళి, "అక్కా, నీ వేపరెమ్మ ఒకటి ఇయ్యి" అంది. సిలువ మెడలో వేలాడుతుంటే, వేపరెమ్మకు పసుపుదారం చుట్టి తొట్టికి అడ్డంగా కట్టింది. మా అత్త నోరు తెరిచి చూస్తోంది. "అమ్మ పోసిన ఇంట్లోకి ఎవురూ పోకూడదు, ఆ ఇంటి చెంబు ఈ ఇంటికి తేకూడదు. నువ్వు చెప్పేది నేను చెప్పేది ఒకటేనక్కా. పసుపునీళ్ళు మాత్రం పోయొద్దు" అంది.

ఆ రోజు నుంచి తొట్టి జోలికి ఎవరూ పోలేదు. కలకత్తా ముసలమ్మ వేపరెమ్మను చూసి రెండు చేతులూ జోడించి పక్కకు తప్పుకుంది. వాళ్ళ దేశంలోనూ ఆ తల్లి ఉందట, ఆ తల్లికీ వేపే కావాలట. తాళింపు మా ఇంట్లో మళ్ళీ బంద్ కాబోయింది గానీ నేను కాళ్ళావేళ్ళా పడి ఆపుకున్నాను. పై తొట్టి మగ్గు కిందికి రాకుండా కాపలా కాసింది మాత్రం మా అత్తే. ఇనస్పెక్టరు కూడా అంత కాపలా కాయడు.

ఇంత చేసినా మేడమీద జంట చేపల్లో ఒకటి పోయింది. ఆ రోజు మా ఆయన మేడ దిగి, మంచం ఎక్కి గోడవైపు తిరిగాడు. మర్నాడూ లేవలేదు. చేపలు బతకాలని దేవుళ్ళకు మొక్కింది చేపల కోసం కాదు, ఈ గోడకోసం. చివరికి గుడియాత్తానికి ఫోన్ చేశాను. చేపల సంగతి చెప్పలేదు. "ఆయన లేవడం లేదండీ" అని మాత్రం అన్నాను.

మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. చేతులు కడుక్కుంది. కుర్చీ తెచ్చి మా పడకగది గుమ్మంలో వేసుకుని, మంచానికి వీపు పెట్టి కూర్చుంది. డబ్బా తీసింది. మా అత్తతో ఏవేవో కబుర్లు. స్కూల్లో హెడ్మాస్టరమ్మ సవరం ఊడి ప్రార్థనలో పడిన కథ చెబితే నాకు ఆ స్థితిలోనూ నవ్వొచ్చింది. మంచం మీద ఆయన వీపు కదిలినట్టనిపించింది. అప్పుడు తిరిగింది.

"నువ్వు పొద్దున తిన్నావా అప్పా?"

"లేదు" అన్నాడు గోడతో.

"నీలం చేప తినింది. నేను ఇప్పుడే పైకి పోయి చూసినా. నువ్వు పెట్టలేదు, నేనే పెట్టినా." ఆయన తల తిప్పాడు. "మందు కొలత చూడాల. ఆ గాజుగొట్టంలో రంగు లేతగా ఉండాదా ముదురుగా ఉండాదా నాకు తెలీడంలా. కంట్లో పొర. నువ్వు లేచి చూడకపోతే ఆ రెండూ పోతాయి."

ఆయన లేచాడు. లుంగీ సర్దుకుని, ఎవరివైపూ చూడకుండా మేడ మెట్లెక్కాడు. టీచరమ్మ ఒక మురుకు నా చేతిలో పెట్టింది. నేను ఏడుస్తూ తిన్నాను.

సాయంత్రం ఆమెను బస్టాండులో దింపడానికి వెళ్ళాను. రోడ్డు అవతలి కొసన తిరుగుతున్న బస్సును చూసి, "అదో, గుడియాత్తం బండి, కిటికీ పక్కన సీటుండాది" అని పరుగందుకుంది. కంట్లో పొర ఉన్న మనిషి!

ఆ తర్వాత మా ఆయన రోజూ మందు కొలత చూసి ఆమెకు ఫోన్లో చెప్పేవాడు. చేపలు మేత తింటున్నాయని ఒక రోజు, ఒళ్ళు నున్నబడిందని ఇంకో రోజు. ప్రతిసారీ స్పీకర్లో అదే మాట వినబడేది: "మంచిది. ఇప్పుడే సంతోషపడొద్దు." చేపల్ని కిందికి దించే రోజు ఆమె స్వయంగా వచ్చింది. వేపరెమ్మను విప్పి మా అత్త చేతిలో పెట్టింది. మా ఆయన నీలం చేపనూ మిగిలిన నారింజ చేపనూ పెద్ద తొట్టిలోకి వదిలాడు. అవి రాళ్ళచుట్టూ తిరిగి, పాత గూట్లోకి దూరి, తొంగి చూశాయి.

అమ్మవారు తగ్గిపోతే తలకు నీళ్ళు పోయడం ఆచారం. మా అత్త ఎండలో పెట్టిన వేపాకు పసుపునీళ్ళు సిద్ధం చేసుకుని ఉంది. మళ్ళీ తొట్టిలో పోస్తుందేమోనని నేను అడ్డం వెళ్ళబోయాను. ఆవిడ నన్ను దాటుకుని పోయి, "కూసో నాయనా" అని కొడుకును పెరట్లో పీటమీద కూర్చోబెట్టి, ఆ నీళ్ళు ఆయన తలమీద పోసింది. యాభై దాటిన మనిషి చంటిపిల్లాడిలా కళ్ళు మూసుకుని పోయించుకున్నాడు. జబ్బెవరిదో ఆ ఇంట్లో అందరికంటే ముందు ఆవిడకే తెలుసు.

"ఇప్పుడనొచ్చా టీచరమ్మా, అమ్మయ్య అని?" అన్నాను.

ఆమె పెరటివైపు చూసింది. "చేపలకైతే అనొచ్చు. ఆయనకు కొన్నాళ్ళు ఆగు" అంది.

కొన్నాళ్ళు కాదు, ఏళ్ళే గడిచాయి. మేం గుడియాత్తం పోవడం, ఆమె ఇక్కడికి రావడం మామూలైపోయింది. మా అత్తా ఆమే కూర్చుంటే అమ్మవారి గురించీ పురుగుల గురించీ కొట్లాడుకునేవారు, ఇద్దరికీ అదొక కాలక్షేపం. ఈ కబురు వచ్చేదాకా అలాగే నడిచింది.

చెప్పాను. తొట్టి తుడుస్తున్న ఆయన చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "పోదాం పద" అన్నాడు, అంతే.

గుడియాత్తంలో మట్టి చేసి వచ్చాక ఆమె తమ్ముడు మా ఆయన చెయ్యి పట్టుకుని, "చేపల్ని సాకేది మాకు చేతకాదు అన్నా. వాటిని నువ్వే తీసుకోని పో" అన్నాడు. తిరుగుదారిలో కారులో మా ఆయన నా పక్కనే కూర్చున్నాడు. ఒళ్ళో చేపలున్న నీళ్ళ సంచులు, కళ్ళు కిటికీ బయట. పాలారు ఎండిపోయి ఇసుక తెల్లగా ఉంది. నేను ఆ ఇసుకను చూడలేదు, ఆయన్నే చూస్తూ వచ్చాను.

ఇంటికి రాగానే ఆయన తిన్నగా మేడ ఎక్కాడు. పైన గదుల్లోనూ మంచాలున్నాయి. వెనకాలే వెళ్ళాను.

ప్లాస్టిక్ తొట్టి గది మధ్యకు లాగుతున్నాడు. పైపు ముక్కలు కడిగాడు. మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. ఆమె చేపలైనా సరే, కొత్త చేపలు కొత్త చేపలే, నేరుగా కింది తొట్టిలోకి పోవు. నెమ్మదిగా వాటిని వదిలి, కిటికీ పక్క కొమ్మ నుంచి వేపరెమ్మ విరిచి తొట్టికి కట్టాడు. తర్వాత ఒక కుర్చీ తెచ్చుకుని తొట్టికి వీపు పెట్టి కూర్చున్నాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడు. నేనూ ఒక కుర్చీ లాక్కుని ఆ పక్కనే అటే తిరిగి కూర్చున్నాను. ఇద్దరం కలిసి ఆమె కోసం బాగా ఏడ్చాం.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, "ఏమే, ఆకలవతాండాది. మురుకులేమైనా ఉండాయా?" అన్నాడు.

డబ్బా తెచ్చిచ్చాను. ఒకటి తీసుకుని నమలసాగాడు.

"అమ్మయ్య" అన్నాను, కొంచెం గట్టిగానే.

ఆయన నోట్లో మురుకు అలాగే ఉంచుకుని, "ఇప్పుడే అనొద్దు. అవి ఇంకా తినలా" అన్నాడు.

నేనన్నది చేపల గురించి కాదని ఆయనకు చెప్పలేదు.